మన్రోల వెంట: ఒక స్కాటిష్ ఇంటిపేరు మీద ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

ఈ ప్రాజెక్టు పూర్తయ్యేసరికి రెండు తయారవ్వాలి. మనిషికొక వరుస చొప్పున నింపిన స్ప్రెడ్‌షీటు ఒకటి, దాంట్లోంచి గీసిన, గోడకు తగిలించేంత పెద్ద మ్యాపు ఒకటి. మన్రో అనే ఇంటిపేరు స్కాట్లాండ్ ఉత్తరాన ఏ మూల మొదలైంది, ఎవరెప్పుడు అక్కణ్ణుంచి కదిలారు, ఎక్కడ తేలారు, ఎందుకు కదలాల్సి వచ్చింది. పని ఇంతే.

మాది గుత్తి. మా వైపు మన్రో అంటే ఒక్కరే, మన్రో దొర. అది మనిషి పేరో ఇంటిపేరో కూడా చిన్నప్పుడు పట్టించుకోలేదు. ఉద్యోగానికి గ్లాస్గో వచ్చాక చూస్తే ఇక్కడ మన్రో అని ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, మందుల షాపులో మన్రో ఉంది, ఆఖరికి కొండల్ని కూడా మన్రోలంటున్నారు. వీళ్లందరికీ, మా సీమకు వచ్చిన ఆ కలెక్టరుకీ ఏంటి సంబంధం అన్న కుతూహలమే దీనికి పెట్టుబడి.

వంశవృక్షం మాత్రం గీయను. చెట్టు గీస్తే ఒకే మూలపురుషుడి నుంచి అందరూ దిగొచ్చినట్టు కనబడుతుంది. ఇంటిపేర్లు అలా పాకవు. మన దగ్గర ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు ఎన్ని లేవు? వాళ్లంతా దాయాదులు కారు కదా. హైలాండ్స్‌లో కూడా అంతే. క్లాన్ (ఒకే పేరు కింద నడిచే తెగ) పెద్ద నేల మీద కౌలు చేసుకుంటూ, అతని నీడన బతికే కుటుంబాలు అతని పేరే పెట్టుకున్న సందర్భాలు బోలెడు. మన్రో అని రాసి ఉందంటే మన్రోల రక్తమని అర్థం కాదు. మన్రోల నేల మీద ఉన్నారని అర్థం కావచ్చు.

స్ప్రెడ్‌షీటులో గళ్లు: కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా పేరు, సంవత్సరం, బయల్దేరిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు), చేరిన చోటు, ఆధారం, 'ఎందుకు'. ఆధారాన్ని మూడు తరగతులు చేశాను. అప్పటి కాగితం ఉంటే మ్యాపులో ముదురు గీత, తర్వాతి చరిత్రకారుల మాట అయితే పల్చటి గీత, వంశకథ మాత్రమే అయితే చుక్కల గీత. 'ఎందుకు' గడిలో ఏది పడితే అది రాయకుండా డ్రాప్‌డౌన్ పెట్టాను: భూమి, అప్పు, యుద్ధం, శిక్ష, వ్యాపారం, ఉద్యోగం. నాకు అన్నిటికంటే ముఖ్యం ఈ గడే. వంశచరిత్రలు రాసేవాళ్లు సాధారణంగా దీన్ని 'అదృష్టం వెతుక్కుంటూ వెళ్లాడు' అనే ఒక్క వాక్యంతో దాటేస్తారు.

మార్చి

స్పెల్లింగ్ గొడవతోనే నెల గడిచింది. ఎం తర్వాత యు ఉండొచ్చు, ఓ ఉండొచ్చు. చివర ఇ ఉండొచ్చు, డబ్ల్యూ ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఇప్పుడు అమెరికాలో ఒక తీరు, స్కాట్లాండ్‌లో ఒక తీరు స్థిరపడింది గానీ 17వ శతాబ్దంలో ఒకే మనిషిని ఒకే గుమాస్తా ఒకే పేజీలో రెండు రకాలుగా రాసినా ఎవరికీ ఇబ్బంది లేదు. పేరు విన్నట్టు రాసుకుపోయేవాళ్లు. మన వైపు మాత్రం తక్కువా? మన్రో, మండ్రో, మనరో, అన్నీ ఉన్నాయి.

స్కాట్లాండ్స్‌పీపుల్ అని ప్రభుత్వ సైటు ఉంది. ఇండెక్సు వెతకడం ఉచితం, అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనుక్కోవాలి. అక్కడ నక్షత్రం గుర్తుతో వెతికితే స్పెల్లింగ్ తేడాలన్నీ ఒకేసారి దొరుకుతాయి. సౌండెక్స్ కూడా ప్రయత్నించాను. ఉచ్చారణను బట్టి పేరుకు కోడ్ ఇచ్చే పాత అమెరికన్ పద్ధతి అది. మన్రో కోడ్ ఎం560. బాగానే ఉంది, కానీ మైనర్ అనే ఇంటిపేరు కోడ్ కూడా ఎం560నే. గని కార్మికుల వారసులందరూ వచ్చి నా జాబితాలో కూర్చున్నారు. నక్షత్రమే నయం.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. స్కాట్లాండ్‌లో జనన మరణాల సర్కారు నమోదు 1855లో మొదలైంది. ఆ ఒక్క ఏడాది ఫారాల్లో అడిగినన్ని వివరాలు మళ్లీ ఎప్పుడూ అడగలేదు. గుమాస్తాలు మొత్తుకుని ఉంటారు, మరుసటి ఏడాదికే తగ్గించేశారు. అంతకు ముందు కాలానికి చర్చి పారిష్ రిజిస్టర్లే దిక్కు. ఇంకో వెసులుబాటు, ఇక్కడి మరణ నమోదులో తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు. పెళ్లయి వేరే ఇంటిపేరుతో పోయిన మన్రో ఆడపడుచులు అలా చేతికి చిక్కుతున్నారు.

1881 జనాభా లెక్కల నుంచి ఇంటిపేర్ల మ్యాపు చూస్తే రాస్ అండ్ క్రోమర్టీ కౌంటీ ఒక్కటి గాఢంగా ముదురు రంగులో కనబడుతుంది. అంతమంది వెళ్లిపోయాక కూడా కుదురు కుదురుగానే ఉంది.

ఏప్రిల్

ఇక మూలం సంగతి. వంశకథ ఇలా చెబుతుంది: 11వ శతాబ్దంలో ఐర్లండ్ ఉత్తరాన రో అనే నది ఒడ్డు నుంచి డోనల్డ్ అనే వీరుడి మనుషులు స్కాట్లాండ్ రాజు రెండో మాల్కమ్‌కు సాయంగా వచ్చారు, స్కాండినేవియా దండులతో పోరాడారు, బహుమానంగా ఈస్టర్ రాస్‌లో భూమి సంపాదించారు. ఆ భూమిని ఇప్పటికీ ఫెరిన్‌డోనల్డ్ అంటారు, అంటే డోనల్డ్ నేల. హైలాండ్స్ పాత భాష గేలిక్‌లో మన్రోలను రో మనుషులనే అర్థం వచ్చేలా పిలుస్తారు. కథ అందంగా ఉంది. నా మ్యాపులో చుక్కల గీత.

కాగితం మీద గట్టిగా నిలబడే మన్రోలు 14వ శతాబ్దంలో గానీ కనబడరు. అప్పటి రాస్ ఎర్ల్ (ఆ ప్రాంతపు ప్రభువు) ఇచ్చిన పట్టాల్లో రాబర్ట్ మన్రో ఉన్నాడు, మన్రో పెద్దల కోట ఉన్న ఫౌలిస్ వాడు, 1369లో చనిపోయాడు. అతని ముందువాళ్ల పేర్లు వరసగా చెప్పగలిగేవాళ్లు ఉన్నారు గానీ, ఫౌలిస్ కోట 1750లో తగలబడింది, పాత దస్తావేజులు చాలావరకు దాంతోపాటే పోయాయి. తర్వాత సర్ హ్యారీ మన్రో మళ్లీ కట్టించాడు.

ఫౌలిస్‌కు కట్టాల్సిన శిస్తు మీద ఒక సంప్రదాయం చెబుతారు. రాజు అడిగితే నడివేసవిలో ఒక మంచు ముద్ద తెచ్చి ఇవ్వాలట. వినడానికి వింత షరతు గానీ వాళ్ల భూమి బెన్ వివిస్ కొండ దాకా ఉంది, 1046 మీటర్ల ఎత్తు, ఉత్తరం వైపు లోతట్టు పల్లాల్లో వేసవిలోనూ మంచు నిలిచేది. సముద్రపు పాయ నుంచి కొండకొన దాకా మాదే అని చెప్పుకోడానికి ఇంతకంటే మంచి రసీదు ఏముంటుంది?

అసలు కౌలుదారులు కట్టింది మంచు కాదు, బార్లీ, ఓట్ పిండి. క్రోమర్టీ పాయ ఒడ్డున ఆ ధాన్యం దాచిన 18వ శతాబ్దపు గిడ్డంగి ఇంకా నిలబడి ఉంది. శిస్తు గింజలు అక్కడ పోగుచేసి పడవల్లో అమ్మకానికి పంపేవాళ్లు. 'ఎందుకు' గడి నింపుతూ ఉంటే నా కళ్లు పదేపదే ఆ గిడ్డంగి వైపే పోతున్నాయి.

మే

పగలు పొడుగయ్యాయి, ఉత్తరానికి బయల్దేరాను. ఇన్వర్నెస్ దాటాక రోడ్డు క్రోమర్టీ పాయ వెంటే పోతుంది. ఈవాన్టన్ అనే ఊరి దగ్గర నీళ్లకు ఆనుకుని కిల్టర్న్ పాత చర్చి ఉంది. పైకప్పు లేదు, గోడలే. మన్రోల ఖనన స్థలం ఇది.

ఎర్రటి ఇసుకరాయి పలకలు. అక్షరాలు అరిగిపోయి, మీద బూడిదరంగు పాచి. పాచి గోకకూడదు, రాయి పొర లేచిపోతుంది. దానికి ఒక పద్ధతి ఉంది: గొడుగు తెరిచి రాయి మీద నీడ పట్టి, టార్చిని పలకకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయాలి. అప్పటిదాకా చదునుగా ఉన్న రాతి మీద గాడులన్నీ నల్లగా లేస్తాయి. అలా వేస్తే మొదట 'మన్' వచ్చింది, తర్వాత పొలం పేరు, దాని పక్కన టాక్స్‌మన్ అన్న మాట. అంటే జమీందారు దగ్గర పెద్ద కమతం గుత్తకు తీసుకుని, ముక్కలు చేసి చిన్న రైతులకు కౌలుకిచ్చే మధ్యవాడు. పలక చెక్కించుకునే స్తోమత అతనిది. అతని కింద దున్నిన మన్రోలకు గడ్డే గుర్తు. కాబట్టి రాళ్లు చూసి లెక్క కట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు, స్మశానం కూడా భూస్వాముల పక్షమే.

మరునాడు ఫైరిష్ కొండ ఎక్కాను. ఎత్తు 450 మీటర్ల పైచిలుకు. మొదట పైన్ అడవి, నిట్రంగా ఎక్కుడు, మోకాళ్లు నొప్పులు. అడవి తెగాక బురద, పొదలు. కొన మీద ఒక్కసారిగా రాతి తోరణాల వరస. ఇది మన నాగపట్నం కోట గుమ్మానికి నకలు! నోవార్ జమీందారు సర్ హెక్టర్ మన్రో 1781లో నాగపట్నాన్ని డచ్చివాళ్ల దగ్గర్నుంచి పట్టుకున్నాడు. ఆ జ్ఞాపకంగా కట్టించింది. అప్పట్లో పంటలు పోయి ఇక్కడి జనం పస్తులున్నారు, వాళ్లకు కూలి దొరకాలని ఈ పని పెట్టాడంటారు. పని ఎక్కువ రోజులు సాగాలని, పైకి చేరిన బండల్ని రాత్రుళ్లు కిందికి దొర్లించేవాడని కూడా స్థానికులు చెబుతారు. చెప్పేవాళ్ల గొంతులో మెచ్చుకోలే ఉంటుంది. పగలంతా బండ మోసిన వాడికి తెల్లారి లేచి చూస్తే ఆ బండ మళ్లీ కింద కనబడితే ఏమనిపించి ఉంటుందో గానీ!

కొన మీది నుంచి చూస్తే కింద పాయలో మరమ్మతుకు తెచ్చి నిలిపిన చమురు రిగ్గులు, అవతల నోవార్ తోటలు.

ఈ హెక్టర్ మన్రోకు షీటులో చాలా చోటు కేటాయించాల్సి వచ్చింది. 1764లో బక్సర్ యుద్ధం గెలిచినవాడు ఇతనే. దానికి కొన్ని వారాల ముందు జీతాల కోసం ఎదురుతిరిగిన సిపాయిల్లో 24 మందికి మరణశిక్ష వేయించి, ఎక్కువమందిని ఫిరంగి మూతికి కట్టి పేల్చించాడు. 1780లో హైదర్ అలీ సైన్యం పొల్లిలూరు దగ్గర కంపెనీ సైన్యంలోని బెయిలీ దళాన్ని తుడిచిపెడుతుంటే కాంచీపురంలో ఉండి కూడా సమయానికి అందుకోలేదు, బరువు ఫిరంగుల్ని అక్కడి కోనేట్లో పడేసి మద్రాసుకు వెనుదిరిగాడు. అయినా ఇండియా డబ్బుతో నోవార్ ఎస్టేటు పెంచాడు, పార్లమెంటు సభ్యుడిగా కొనసాగాడు.

ఆ ఎస్టేటు కథ 1792లో తేలింది. గొర్రెల ఉన్నికి గిరాకీ పెరిగింది, కౌలు ఎక్కువ ఇచ్చే గొర్రెల ఆసాములు దక్షిణం నుంచి దిగారు. నోవార్ భూముల్లోని కిల్డర్మోరీ లోయను వాళ్లకిచ్చేశారు. జనం తరతరాలుగా పశువులు మేపుకున్న బీళ్లవి. ఈస్టర్ రాస్ రైతులు కూడబలుక్కుని, రాస్‌లోనూ పక్క సదర్లాండ్‌లోనూ ఉన్న గొర్రెల్ని వేలకు వేలు పోగుచేసి దక్షిణానికి తోలుకుపోయారు. ఒక్క గొర్రెను చంపలేదు, ఒక్క ఇల్లు దోచలేదు. బ్లాక్ వాచ్ పటాలం వచ్చి చెదరగొట్టింది. ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది, ఇద్దరికి ఏడేళ్ల ద్వీపాంతరం వేశారు. ఆ ఇద్దరూ జైలు నుంచి తప్పించుకున్నారు, మళ్లీ దొరకలేదు. గేలిక్‌లో ఆ ఏడాదికి గొర్రెల సంవత్సరమనే పేరు నిలిచిపోయింది.

అదే 1792 డిసెంబరులో బెంగాల్ సాగర ద్వీపంలో హెక్టర్ కొడుకును పులి ఎత్తుకుపోయింది. తెల్లవాడి మీద పడ్డ టిప్పు సుల్తాన్ కొయ్యపులికి ఈ చావే ప్రేరణ అని చాలామంది అంటారు. గాథల మాట అలా ఉంచి, షీటులో రెండు వరుసలు పక్కపక్కన పడ్డాయి: ఇండియాలో సంపాదించి భూమి పెంచిన మన్రో, ఆ భూమి మీద నుంచి తోసేస్తే పోవాల్సి వచ్చిన కౌలుదారులు. వాళ్లలోనూ మన్రోలు లేకపోరు.

జూన్

ఈ నెలంతా యుద్ధాలు. 1626లో క్రోమర్టీ రేవు నుంచి మెకే రెజిమెంటు డెన్మార్క్ రాజు కొలువుకు ఓడ ఎక్కింది, మూడేళ్లకు స్వీడన్ రాజు గస్టావస్ అడాల్ఫస్ కిందికి మారింది. ఆ దళంలో మన్రోలు కుప్పలు. రాబర్ట్ మన్రో అనే అధికారి తమ దండయాత్రల అనుభవాలు రాసి 1637లో అచ్చువేయించాడు, ఒక రెజిమెంటు కథగా వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. నల్ల బ్యారన్ అని పేరుపడ్డ ఫౌలిస్ పెద్ద కూడా ఇదే బాట పట్టాడు. ఎస్టేటు అప్పుల్లో మునిగింది, జర్మనీలో కత్తి అద్దెకిచ్చాడు, కాలికి తగిలిన గాయంతో 1633లో ఉల్మ్‌లో పోయాడు. 'ఎందుకు' గడిలో 'యుద్ధం' అని వేసి కాసేపు చూసి, 'అప్పు' అని మార్చాను.

పుస్తకం రాసిన రాబర్ట్ మన్రో 1642లో స్కాటిష్ సైన్యంతో ఐర్లండ్ ఉత్తరాన క్యారిక్‌ఫెర్గస్‌లో దిగాడు. 1646లో బెన్‌బర్బ్ దగ్గర ఘోరంగా ఓడిపోయాడు, 1648లో పట్టుబడ్డాడు. కానీ మన్రో పేరు అల్‌స్టర్ గడ్డ మీద మిగిలింది. వంశకథ ఎక్కడ మొదలైందో ఆ చుట్టుపక్కలకే తిరిగి చేరిందన్నమాట, ఈసారి ముదురు గీతతో. ఇంకో 150 ఏళ్లకు, బ్రిటిష్ పాలన మీద 1798లో లేచిన తిరుగుబాటులో, లిస్బర్న్ ఊరి నార బట్టల వ్యాపారి హెన్రీ మన్రో బాలినహించ్ దగ్గర యునైటెడ్ ఐరిష్ సేనకు నాయకత్వం వహించాడు. ఓడాక పట్టుకుని అతని ఇంటి ముందే ఉరితీశారు. ఒక మన్రో సైన్యంతో వచ్చి అణిచిన నేల కోసం ఇంకో మన్రో ఉరికంబమెక్కాడు.

1651 సెప్టెంబరులో వుస్టర్ దగ్గర ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ చేతిలో స్కాట్లు చిత్తయ్యారు. ఖైదీల్లో 270 మందికి పైగా జాన్ అండ్ సారా అనే ఓడలో బోస్టన్‌కు పంపించారు, వాళ్ల పనిని అక్కడి ఆసాములకు ఏళ్ల లెక్కన అమ్మారు. ఓడ జాబితాలో మన్రోలున్నారు, చివర డబ్ల్యూతో. నక్షత్రం గుర్తు ఇక్కడ ఎంత పనికొచ్చిందో చెప్పలేను. గడిలో మొదటిసారి 'శిక్ష' పడింది.

ఇంటి పక్షం గురించి ఒక్క ముక్క: 1745లో గద్దె పోయిన పాత రాజవంశపు రాజకుమారుడు 'బొన్నీ ప్రిన్స్' చార్లీ తిరుగుబాటు చేసినప్పుడు ఫౌలిస్ మన్రోలు లండన్ సర్కారు వైపే నిలిచారు. సర్ రాబర్ట్ మన్రో 1746 జనవరిలో ఫాల్‌కర్క్ యుద్ధంలో చనిపోయాడు, పక్కనే డాక్టరైన తమ్ముడు కూడా. హైలాండర్లంతా రాజకుమారుడి వెనక నడిచారన్న టూరిస్టు గైడ్ల మాట ఇక్కడ చెల్లదు.

జూలై

ఈ నెల దొరికిన గొలుసు కోసమైనా ఈ ప్రాజెక్టు మొదలుపెట్టినందుకు సంతోషంగా ఉంది.

యుద్ధఖైదీల కాలంలోనే మసాచుసెట్స్ చేరిన విలియం మన్రో, తర్వాత లెక్సింగ్టన్ అయిన ఊరి పొలాల్లో స్థిరపడ్డాడు. అతని సంతతి అక్కడ విస్తరించింది. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున లెక్సింగ్టన్ మైదానంలో బ్రిటిష్ సిపాయిల ఎదుట నిలబడ్డ ఊరి దళంలో మన్రోలు చాలామంది. అక్కడ కాల్పుల్లో చనిపోయినవారిలో రాబర్ట్ మన్రో ఒకడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ ఉదయమే మొదలైంది. మధ్యాహ్నం వెనక్కి పోతూ బ్రిటిష్ సైన్యం మన్రోల పూటకూళ్ల ఇంట్లోనే దిగి గాయపడ్డవాళ్లకు కట్లు కట్టుకుంది.

ఇప్పుడు గ్లాస్గోకు వద్దాం. నేను రోజూ నడిచే వర్జీనియా స్ట్రీట్ పేరు ఊరికే రాలేదు. 18వ శతాబ్దంలో ఈ ఊరు పొగాకు డబ్బుతో పెరిగింది, పొగాకు వర్జీనియా తోటల్లో బానిసల చేత పండించినది. అలెగ్జాండర్ మన్రో అనే వర్తకుడు అదే వ్యాపారంలో ఉన్నాడు. అమెరికా యుద్ధం రాగానే అక్కడి బాకీలు మునిగాయి, వ్యాపారం కూలింది. అతని కొడుకు 1761లో పుట్టాడు, గ్లాస్గో యూనివర్సిటీలో చదివాడు, ఒక వర్తక సంస్థలో లెక్కలు రాస్తున్నాడు. ఇంటి పరిస్థితి తలకిందులయ్యాక ఈస్టిండియా కంపెనీలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. పేరు థామస్ మన్రో.

అంటే లెక్సింగ్టన్ మైదానంలో మన్రోలు ఏ యుద్ధానికి తొలి వరసలో నిలబడ్డారో ఆ యుద్ధమే గ్లాస్గో మన్రో కొంప ముంచింది, ఆ మునక వల్లే ఒక మన్రో అనంతపురం దాకా వచ్చాడు. మ్యాపులో బోస్టన్, గ్లాస్గో, మద్రాసు మూడు చుక్కలూ కలిపే గీత వంశవృక్షంలో ఎప్పటికీ రాదు, ఎందుకంటే వాళ్ల మధ్య చుట్టరికం రాసే చోటు లేదు. బాకీ రాసే చోటుంది.

మద్రాసు చేరిన ఏడాదే ఆ కుర్రాడు హెక్టర్ మన్రో సైన్యంలో కాంచీపురం నుంచి వెనక్కి నడిచాడు. ఒకే ఇంటిపేరు, ఒకే దండు. ఒకరు రాస్ జమీందారు, ఒకరు దివాలా తీసిన గ్లాస్గో వర్తకుడి కొడుకు. మధ్యలో గీత గీయలేదు.

వర్జీనియా అనగానే ఇంకో మన్రో. 17వ శతాబ్దం మధ్యలో అక్కడికి వెళ్లిన ఆండ్రూ మన్రో వంశంలోనే జేమ్స్ మన్రో పుట్టాడు, అమెరికా ఐదో అధ్యక్షుడు. అతని గురించి రాసినవి కొల్లలు, నేను రెండు వరుసలతో సరిపెట్టాను.

ఆగస్టు

మద్రాసు కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇండియాలోని బ్రిటిష్ వాళ్ల బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు మూడు ప్రెసిడెన్సీలకు మూడు వరసలు. ఎన్/2 అంటే మద్రాసు. మన పక్క పని చేసి చనిపోయిన దొరల ఆచూకీ కావాలనుకునేవాళ్లు ముందు ఈ నంబరు గుర్తుపెట్టుకుంటే బోలెడు సమయం మిగులుతుంది.

1800లో నిజాం కంపెనీకి వదులుకున్న జిల్లాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు, 1807 దాకా. పాలెగాళ్లను అణిచాడు, జమీందారుల్ని మధ్యలో పెట్టకుండా పొలం పొలం కొలిపించి రైతు పేరునే శిస్తు నిర్ణయించాడు. వెళ్లిపోయే ముందు ఆ శిస్తు ఎక్కువగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని తనే సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. 1820లో గవర్నరుగా తిరిగొచ్చాడు. పదవి ముగిసి ఊరెళ్లే ముందు పాత జిల్లాలు చూడ్డానికి బయల్దేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు, 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి మార్చారు. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న విగ్రహం అందరూ చూసిందే, అంకవన్నెలు లేని గుర్రం.

మా మామకు ఫోన్ చేసి అడిగాను, మన్రో పేరు పెట్టుకున్నవాళ్లు మన వైపు ఉన్నారా అని.

"మన్రోలప్ప అని మనకల్ల ఉండే పేరే కదప్పా. ఇప్పటి పిల్లోళ్లకు ఎవురు పెడ్తారు గానీ, పెద్దోళ్లలో ఉండ్రి."

"దొర మీద భక్తితోనే పెట్టినారా మామా?"

"భక్తో, శిస్తు తగ్గిచ్చినాడనో. ఆ లెక్క నాకు తెల్దు. నువ్వేమన్నా ఫారం నింపుతాండావా ఏంది?"

ఫారమే నింపుతున్నాను. మన్రోలప్పలను మ్యాపులో ఎలా చూపాలన్నదే సమస్య. ఇంటిపేరు ఇక్కడికొచ్చి సొంత పేరైంది, రక్తంతో పని లేకుండా, ఓడ ఎక్కకుండా. తిరుమలలో మన్రో గంగాళం అని చెప్పుకునే పాత్ర కూడా ఈ కోవదే. ఆకుపచ్చ రంగులో వేరే పొర పెట్టాను: 'పేరు నడిచింది, మనిషి నడవలేదు'.

ఆ పొర చూస్తుండగానే నిండింది. లైబీరియా రాజధాని మన్రోవియా, జేమ్స్ మన్రో పేరు మీద. కేరళ అష్టముడి సరస్సులో మన్రో తురుత్తు, తిరువాంకూరు రెసిడెంటు కర్నల్ జాన్ మన్రో పేరు మీద. ఈ జాన్ మన్రోది టీనినిచ్, ఫైరిష్ తోరణాలకు కూతవేటు దూరం. ఇంకా, కొండలు.

కొండల సంగతి నాకే నమ్మబుద్ధి కాలేదు, బ్యారనెట్ల (వంశపారంపర్యంగా వచ్చే బ్రిటిష్ బిరుదు ఉన్నవాళ్ల) జాబితా తీసి సరిచూసుకున్నాను. స్కాట్లాండ్‌లో 3000 అడుగులు దాటిన శిఖరాలను మన్రోలంటారు, ఇప్పటి లెక్కలో 282. వాటి జాబితా మొదట తయారుచేసి 1891లో అచ్చువేసినవాడు సర్ హ్యూ మన్రో. థామస్ మన్రోకు 1825లో బ్యారనెట్ బిరుదు వచ్చింది, ఆ వరసలో ఈ హ్యూ నాలుగోవాడు, సాక్షాత్తూ మన పత్తికొండ మన్రోకు మనవడు. వారాంతాల్లో బూట్లు బిగించుకుని మన్రోలెక్కడానికి పోయే నా ఆఫీసు స్నేహితులకు ఈ ముక్క చెబితే నోరు తెరిచారు. తాత మనవైపు పొలాలు కొలిపించాడు, మనవడు ఇక్కడ కొండలు కొలిచాడు. ఫౌలిస్ వాళ్ల బెన్ వివిస్ కూడా ఆ జాబితాలో ఒక మన్రోనే.

సెప్టెంబరు

మ్యాపు మొదటి ప్రతి ప్రింటుకిచ్చాను, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గీసి. చుక్కల గీతలు ప్రింటులో దాదాపు మాయమవుతున్నాయి, మందం పెంచాలి. ఎడిన్‌బరోలో తాత, తండ్రి, మనవడు ముగ్గురూ అలెగ్జాండర్ మన్రోలే వరసగా 1720 నుంచి 1846 దాకా అనాటమీ ప్రొఫెసర్లుగా ఉన్నారు, వాళ్లకు ఒకే చుక్క చాలు. కదల్లేదు కాబట్టి.

రంగుల విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాను. ముందు అనుకున్నట్టు దేశాన్ని బట్టి రంగు వేయకుండా 'ఎందుకు' గడిని బట్టి వేశాను. అప్పుకు ఎరుపు. చూస్తే 'యుద్ధం' అని వేసినవాటిలో కూడా తవ్విన కొద్దీ ఎరుపే తేలుతోంది, నల్ల బ్యారన్ దగ్గర్నుంచి గ్లాస్గో క్యాడెట్ దాకా. అందుకే ఒక్కో మనిషికి రెండు కారణాలు రాసుకునేలా గడిని రెండు చేశాను: పైకి చెప్పినది, అడుగున ఉన్నది.

మిగిలిన పనుల్లో పెద్దది కౌలుదారులు. జమీందార్లకు, సైనికాధికారులకు కాగితాలున్నాయి. కిల్డర్మోరీ బీళ్ల నుంచి పోయిన సామాన్య మన్రోలకు 1841 జనాభా లెక్కలు, ఆల్నెస్, కిల్టర్న్ పారిష్ రిజిస్టర్లు, కెనడా వైపు ల్యాండ్ గ్రాంట్ల దరఖాస్తులు కలిపి చూడాలి. దరఖాస్తులో పాత ఊరి పేరు రాసినవాళ్లను మొదట ఏరుతున్నాను. ఆల్నెస్ రిజిస్టరు పేజీలకు క్రెడిట్లు కొన్నాను, ఈ వారాంతం వాటితోనే.